4 వారాల్లో 10 కిలోలు తగ్గిస్తామంటున్న వేసవి క్యాంపుకి పిల్లల్ని పంపొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పాపకి 13 ఏళ్ళు, ఎత్తు 156 సెం.మీ., బరువు 74 కిలోలు. బాబుకి 9 ఏళ్ళు, 138 సెం.మీ., 42 కిలోలు. వేసవి సెలవుల్లో 4 వారాలు తమ దగ్గరే ఉంచుకుని 10 కిలోలు తగ్గిస్తామని ఒక క్యాంపు వాళ్ళు చెబుతున్నారు. ఇద్దరినీ పంపొచ్చా, 20 ఏళ్ళ మీ తమ్ముణ్ణి కూడా తోడు పంపితే ఎలా ఉంటుందని అడిగారు.

సూటిగా చెప్తానండి. పాపని క్యాంపుకి పంపొచ్చు, కానీ ఈ క్యాంపుకి వద్దు. బాబుకి ఇల్లు వదిలి వెళ్ళే క్యాంపే అక్కర్లేదు. మీ తమ్ముడు తనంతట తాను వెళ్తానంటే వెళ్ళనివ్వండి, అదీ పెద్దవాళ్ళ బ్యాచ్‌కి. పిల్లలకి కాపలాగా మాత్రం వద్దు. ఏ క్యాంపునైనా నేను ముందు అడిగేది ఒక్కటే: చివరి రోజు తర్వాత 12 నెలలు మీరేం చేస్తారు? దీనికి జవాబు లేని చోట మిగతావన్నీ ఎంత బాగున్నా డబ్బులు దండగే.

ముందు ఆ 10 కిలోల లెక్క చూద్దాం. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. 10 కిలోలంటే 77,000. 28 రోజులకి పంచితే రోజుకి 2,750 కేలరీల లోటు. మీ పాప వయసుకీ బరువుకీ ఒళ్ళు రోజంతా ఖర్చుపెట్టేదే, క్యాంపు ఆటలన్నీ కలుపుకున్నా, సుమారు 2,800. అంటే ఆ 10 కిలోలూ కొవ్వే కావాలంటే పాప నెలంతా దాదాపు ఏమీ తినకూడదు. అది జరగదు, జరగకూడదు. మరి కొన్నిచోట్ల కాటా మీద అంత ఎలా చూపిస్తారంటే, నీరు, కండ. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ ఒక గ్రాము తన వెంట సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించి ఆటలు పెంచగానే ముందు ఈ నిల్వ ఖాళీ అవుతుంది, ఉప్పు తగ్గినందువల్ల ఇంకొంత నీరు పోతుంది. మొదటి వారం కిలో, రెండు కిలోలు దిగడానికి చాలామటుకు కారణం ఇదే. ఇంటికొచ్చి రెండు రోజులు మామూలుగా తినగానే అది తిరిగొస్తుంది. అప్పుడు "అయ్యో, మళ్ళీ పెరిగింది" అని ఇంట్లో గోల మొదలవుతుంది. నిజానికి అక్కడ పెరిగిన కొవ్వేమీ లేదు.

ఆశించదగింది ఎంత? 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి వారానికి సగటున 0.9 కిలో మించకూడదని పిల్లల వైద్యులు పెట్టుకున్న హద్దు. రోజుకి సుమారు 1,000 కేలరీల లోటుతో అది వస్తుంది. 4 వారాలకి మూడున్నర కిలోలు, దానిమీద నీటి బరువు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నడిచిన క్యాంపు ఫలితాలు 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చాయి. సగటున 29 రోజులు ఉన్న పిల్లలు సుమారు 6 కిలోలు తగ్గారు. జాగ్రత్తగా నడిపిన క్యాంపు ఫలితం అది. కాబట్టి 4 నుంచి 6 కిలోలు అనేవాళ్ళతో మాట్లాడండి. 10 అని రాసిచ్చేవాళ్ళని పక్కన పెట్టండి. మరీ వేగంగా దిగితే పిత్తాశయంలో రాళ్ళు, నెలసరి ఆగడం, జుట్టు రాలడం, కండ కరగడం, చివరికి తిండి మీద ఒక విపరీతపు ధోరణి, ఇవన్నీ వెంట రావచ్చు.

ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే కొలత) ఒకలా చదవకూడదు. పెద్దవాళ్ళకి అధిక బరువుకి 25, ఊబకాయానికి 30 అని గీతలుంటాయి. పిల్లలకి వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ బట్టి గీత మారుతుంది. పాప బీఎంఐ 74ని 1.56తో రెండుసార్లు భాగిస్తే 30.4. 13 ఏళ్ళ ఆడపిల్లకి ఊబకాయం గీత 26 దగ్గర ఉంటుంది. అంటే పాప గీతకి బాగా పైన ఉంది, సాయం అవసరమే. బాబు బీఎంఐ 22. 9 ఏళ్ళ మగపిల్లాడికి గీత 21 ప్రాంతంలో. వాడు కూడా గీత దాటాడు, కానీ వాడి చేతిలో పాప దగ్గర అంతగా మిగలని ఆస్తి ఒకటుంది, ఎత్తు పెరగడం. ఈ వయసులో ఏడాదికి 5, 6 సెం.మీ. పెరుగుతారు. ఏడాది పాటు 42 కిలోల దగ్గరే నిలబెట్టగలిగితే ఎత్తు 143.5 అయ్యేసరికి బీఎంఐ 20.4కి దిగుతుంది. అప్పటికి 10 ఏళ్ళ గీత ఇంకొంచెం పైకి జరిగి ఉంటుంది. ఒక్క గ్రాము తగ్గకుండానే వాడు ఊబకాయం గీత కిందకి వచ్చేస్తాడు. 9 ఏళ్ళ పిల్లాణ్ణి నెల్లాళ్ళు ఇంటికి దూరంగా పెట్టి, "నీ ఒంట్లో ఏదో తప్పుంది" అనే మాట మనసులో నాటి సాధించేది ఏమీ లేదు. రోజువారీ ఆటల క్యాంపు, ఈత, సైకిలు, ఏదైనా సరే, సాయంత్రానికి ఇంటికొచ్చేది చాలు. ఈ వయసులో ఇంట్లో ఏం కొంటారు, ఏం వండుతారన్నది మీ చేతిలో ఉంది. అసలు చికిత్స మీకే కావాలి, ఏమీ అనుకోకండి.

పంపేముందు డాక్టరు దగ్గర తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. క్యాంపు ఫారం మీద సంతకం పెట్టించుకొచ్చేస్తే సరిపోదు.

బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ సైజు గమనించండి. లోపలి గాలితిత్తి పొడవు చేతి చుట్టుకొలతలో 80 నుంచి 100 శాతం ఉండాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. పదేళ్ళు దాటి ఊబకాయం ఉన్న పిల్లలకి పరగడుపు చక్కెర లేదా హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్ష), కొలెస్ట్రాల్, కాలేయానికి ఏఎల్‌టీ పరీక్ష చేయించాలి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్‌లా ఉందేమో చూడండి. చాలామంది అది మురికనుకుని రుద్ది రుద్ది పుండు చేస్తారు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు, సబ్బుతో పోదు.

రాత్రి గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతోందా? పగలు కూర్చున్నచోటే నిద్రపోతోందా? అయితే ముందు స్లీప్ ఆప్నియా తేల్చుకోండి. అది ఉండగా పొద్దున్నే లేపి పరుగెత్తిస్తే పిల్ల రోజంతా తూగుతుంది, ఆకలి కూడా ఎక్కువవుతుంది. శ్వాస యంత్రం వాడుతుంటే అది క్యాంపుకి వెళ్ళాలి, దాన్ని రోజూ పెట్టించే మనిషి ఎవరో పేరుతో సహా తెలియాలి.

ఎత్తు చరిత్ర తీసుకెళ్ళండి. మామూలుగా తిండి ఎక్కువై లావైన పిల్లలు తోటివాళ్ళకంటే పొడుగ్గా ఉంటారు. లావవుతూ ఎత్తు పెరగడం ఆగిందంటే థైరాయిడ్, కార్టిసాల్ వంటి హార్మోన్లు చూడాలి. అయిదేళ్ళ లోపే విపరీతమైన ఆకలితో బరువు మొదలైతే జన్యు కారణాలు వెతకాలి. అలాంటి పిల్లలకి ఈ క్యాంపులు దారి కాదు. స్టెరాయిడ్లు, ఓలంజపైన్, రిస్పెరిడోన్, వాల్‌ప్రోయేట్ లాంటి మందులు బరువు పెంచుతాయి. క్యాంపు కోసమని వాటిని సొంతంగా ఆపకండి, డాక్టరుతో మాట్లాడండి. డయాబెటిస్‌కి ఇన్సులినో సల్ఫొనైల్ యూరియా మాత్రలో వాడే పిల్లలకి డోసు ముందే సవరించాలి. తిండి తగ్గి ఆట పెరిగినప్పుడు పాత డోసు అలాగే వేస్తే చక్కెర పడిపోతుంది, అది కూడా ఎక్కువగా రాత్రిపూట.

ఇక మనసు సంగతి. తిని వాంతి చేసుకోవడం, దాచుకుని తినడం, భోజనాలు మానేయడం, తనను తాను గాయపరచుకోవడం, వీటిలో ఏదున్నా బరువు క్యాంపు వాయిదా వేసి ముందు మానసిక నిపుణుల్ని కలవండి. శిక్షణ ఉన్నవాళ్ళు నడిపే కార్యక్రమాలు తిండి రుగ్మతల్ని పెంచవు, సాధారణంగా తగ్గిస్తాయి కూడా. ప్రమాదమంతా లెక్కా పత్రం లేని డైటింగ్‌తోనే.

క్యాంపు వాళ్ళని అడగాల్సినవి. ఫోన్లో అడిగితే అన్నిటికీ "ఉందండి, ఉందండి" అంటారు. కాగితం మీద అడగండి.

రోజువారీ టైమ్‌టేబుల్, ఒక వారం మెనూ గ్రాములతో సహా పంపమనండి. పంపలేనివాళ్ళకి వంటగది మీద పట్టు లేనట్టే. మీ పాపకి సరైన లోటు కావాలంటే రోజుకి సుమారు 1,600 నుంచి 1,800 కేలరీలు పెట్టాలి. మూడు భోజనాలు, ఒకటో రెండో చిరుతిళ్ళు. రెండింటి మధ్య మూడు, నాలుగు గంటలకంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు. పళ్ళెంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రోటీన్, పావు వంతు ధాన్యం. పూటకి 20 గ్రాముల ప్రోటీన్ అందితే ఆకలీ అదుపులో ఉంటుంది, కండా నిలుస్తుంది. 1,200 కేలరీల లోపు, జ్యూసులతో గడిపే రోజులు, "డిటాక్స్", భోజనానికి బదులు పొడి, ఇవి కనిపిస్తే ఇక మాట్లాడక్కర్లేదు. 800 లోపు ఆహారాలు డాక్టరు పర్యవేక్షణలో ఆసుపత్రి పద్ధతిలో నడవాల్సినవి, ఆటస్థలంలో కాదు.

పళ్ళెం ఎవరు వడ్డిస్తారో కూడా అడగండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ క్యాంపు నేర్పేదంతా ఇక్కడే ఉంది. కొలిచి, మూత పెట్టి, పేరు రాసి ఇచ్చే చోట పిల్ల 4 వారాలు తగ్గుతుంది, ఏమీ నేర్చుకోదు. ఇంట్లో గిన్నె తన ముందు పెట్టగానే ఎంత వేసుకోవాలో తెలియదు. మంచి చోట మొదటి వారం కొలిచి పెడతారు, రెండో వారం పిల్లలే వడ్డించుకుని పక్కన కొలత చూసుకుంటారు, మూడో వారానికి కొలత తీసేస్తారు. ఆకలిని సున్నా (నకనకలాడే ఆకలి) నుంచి పది (పొట్ట పట్టనంత నిండడం) దాకా అంకెల్లో చెప్పడం నేర్పుతారు. మూడు దగ్గర తినడం మొదలు, ఏడు దగ్గర ఆపడం. వారానికి ఒకట్రెండుసార్లు తీపి కూడా మెనూలో ఉండాలి. నాలుగు వారాలు తీపి ముఖమే చూపించని క్యాంపు నుంచి వచ్చిన పిల్ల మొదటి పుట్టినరోజు పార్టీలో ఏం చేస్తుందో ఊహించుకోండి. అది పిల్ల తప్పు కాదు.

సిబ్బంది సంఖ్య: రాత్రి బస ఉండే క్యాంపులకి అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ పెట్టిన కొలత ఏమిటంటే 6 నుంచి 8 ఏళ్ళ పిల్లలు ఆరుగురికి ఒకరు, 9 నుంచి 14 వాళ్ళు ఎనిమిదిమందికి ఒకరు, 15 నుంచి 18 వాళ్ళు పదిమందికి ఒకరు. మీరు ఎక్కడున్నా దీన్ని కొలబద్దగా వాడుకోవచ్చు. కోచ్‌లని, "వాలంటీర్ల"ని కలిపి లెక్క చెబుతుంటే రాత్రిపూట గదుల దగ్గర ఎంతమంది ఉంటారో విడిగా అడగండి. డైటీషియన్ వారానికోసారి వచ్చిపోయే మనిషా, అక్కడే ఉంటారా? నర్సు రాత్రి ఉంటారా? పెద్దలు ఎవరూ ఒంటరిగా ఒక పిల్లతో తలుపు మూసుకుని ఉండకూడదన్న నియమం రాసి ఉందా? సిబ్బంది నేపథ్యం విచారించారా?

తూకం ఎలా వేస్తారు? వారానికి ఒక్కసారి, పొద్దున, విడిగా, అంకె బయటికి చెప్పకుండా. అంతే. అందరి ముందూ తూకం, గోడమీద పట్టిక, ఎక్కువ తగ్గినవాళ్ళకి బహుమతి ఉంటే పిల్లలు తూకం ముందురోజు నీళ్ళు మానేస్తారు. ఎండలో ఆడే పిల్లలు నీళ్ళు మానేయడం ఎంత ప్రమాదమో కింద చెప్తాను. ముందు-తర్వాత ఫొటోలకి ఒప్పుకోకండి. ఫారంలో ఆ అనుమతి ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొట్టేసి సంతకం పెట్టండి.

ఆటలు: మొదటి వారమే గండం. ఇంట్లో కదలని పిల్లని మొదటిరోజే నాలుగు గంటలు ఆడిస్తే మూడో రోజుకి మంచం మీద ఉంటుంది. సరైన పద్ధతిలో మొదటి మూడు, నాలుగు రోజులు 30, 40 నిమిషాల చొప్పున రెండు విడతలు, మాట్లాడుతూ చేయగలిగే వేగం. తర్వాత మెల్లగా పెంచి, మూడో వారానికి ఈత, నడక, ఆటలు అన్నీ కలిపి రోజుకి మూడు, నాలుగు గంటలకి చేరొచ్చు. వారానికి ఒక తేలిక రోజు ఉండాలి. వారానికి రెండు మూడుసార్లు కండబలం వ్యాయామం, 8 నుంచి 15 సార్లు చొప్పున ఒకట్రెండు విడతలు, మధ్యలో ఒకరోజు విరామం. లావుపాటి పిల్లలు బలం పనుల్లో తోటివాళ్ళకంటే ముందుంటారు. పరుగులో ఎప్పుడూ చివర వచ్చే పిల్లకి ఏదో ఒకదాంట్లో ముందుండటం ఎంత పని చేస్తుందో చూస్తే గానీ తెలియదు. తప్పు చేసినందుకు గుంజీలు, అదనపు రౌండ్లు వేయించే చోటు వద్దు. వ్యాయామం శిక్షగా నేర్చుకున్న పిల్ల పెద్దయ్యాక దాని జోలికి పోదు.

ఎండకి అలవాటు పడటానికి ఒంటికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. బరువు ఎక్కువున్న పిల్లలకి వడదెబ్బ ప్రమాదం ఇంకా ఎక్కువ. బయటి ఆటలు పొద్దున్నే, సాయంత్రమే. 9 నుంచి 12 ఏళ్ళ పిల్లలు ఆడేటప్పుడు ప్రతి 20 నిమిషాలకీ 100 నుంచి 250 మి.లీ. నీళ్ళు తాగాలి. పెద్ద పిల్లలకి గంటకి లీటరు, లీటరున్నర దాకా పట్టొచ్చు. దాహం వేసినప్పుడు తాగుతారులే అని వదలకూడదు. పిల్ల తికమకగా మాట్లాడటం, తూలడం, ఒళ్ళు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. ముందు చల్లటి నీళ్ళలో ముంచో, మంచుగడ్డలు తడిగుడ్డలతోనో అక్కడే చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి ప్రయాణం. "మీ దగ్గర చల్లబరిచే తొట్టి ఉందా, ఎక్కడుంది?" అని అడగండి. తడుముకుంటే అర్థమైపోతుంది.

తుంటి కీలు గురించి ప్రత్యేకంగా. 10 నుంచి 16 ఏళ్ళ మధ్య బరువైన పిల్లల్లో తొడ ఎముక తల దాని ఎదుగుదల పొర దగ్గర జారిపోయే జబ్బు ఒకటుంది. మోసమంతా నొప్పి దగ్గరే. తుంటిలో జారితే చాలామందికి మోకాలిలోనో తొడలోనో నొప్పి వస్తుంది. మోకాలు చూస్తారు, ఎక్స్‌రేలో ఏమీ ఉండదు, "కండరం పట్టింది, కట్టు కట్టుకుని ఆడు" అంటారు. ఆ ఆడటంతోనే ఇంకా జారుతుంది, ఎముకకి రక్తం అందక పాడవుతుంది. గుర్తులు: కుంటుతూ నడవడం, పాదం బయటికి తిరిగి ఉండటం, మోకాలు పైకి మడిచేటప్పుడు కాలు దానంతట అదే పక్కకి పోవడం. ఇలా ఉంటే ఆ కాలి మీద ఇక అడుగు వేయనివ్వకుండా ఆరోజే రెండు తుంట్లకీ ఎక్స్‌రే తీయించాలి. ఇది తెలిసిన కోచ్ ఉన్న క్యాంపు మంచి క్యాంపు. తెలియకపోతే మీరే చెప్పి పంపండి, పాపకి కూడా చెప్పండి.

మిగతా చిన్న బాధలు సులువుగా తప్పించుకోవచ్చు. కొత్త బూట్లు క్యాంపుకి రెండు మూడు వారాల ముందే కొని రోజూ తొడిగించండి, లేకపోతే మొదటిరోజే బొబ్బలు. తొడలు రాసుకుని ఒరుసుకుపోవడం పైకి చెప్పరు గానీ పిల్లలు ఆటలు ఎగ్గొట్టడానికి అదీ ఒక కారణం. మోకాలిదాకా వచ్చే, లోపలి వైపు కుట్టు లేని బిగుతు షార్ట్స్ నాలుగు, ఒక పెట్రోలియం జెల్లీ డబ్బా పెట్టండి. ఈత దుస్తుల మీద వేసుకోవడానికి ఒక చొక్కా అడిగితే ఇవ్వండి, అది సిగ్గు సమస్య, వాదించి గెలిచేది కాదు. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ ఆటకి 15 నిమిషాల ముందు, అది కోచ్ జేబులో ఉండాలి, గదిలో పెట్టెలో కాదు.

ఇప్పుడు అసలు సంగతి, ఇల్లు. క్యాంపులో ఏ పిల్లయినా తగ్గుతుంది. ఫ్రిజ్ లేదు, ఫోన్ లేదు, అందరూ ఒకటే తింటున్నారు, పదింటికి దీపాలు ఆర్పేస్తారు. ఇంటికొస్తే ఇవేవీ ఉండవు. పైగా తగ్గిన ఒంటికి ముందుకంటే తక్కువ కేలరీలు చాలు, ఆకలి మాత్రం ముందుకంటే ఎక్కువ. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2023 మార్గదర్శకాలు 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు ముఖాముఖి, కుటుంబంతో కలిపి చేసే చికిత్సని సిఫారసు చేశాయి. క్యాంపు 4 వారాల్లో వందల గంటలు ఇస్తుంది, కానీ పిల్లకి మాత్రమే. కుటుంబం ఆ లెక్కలో లేదు. క్యాంపు వాళ్ళు వారానికోసారి మీతో మాట్లాడతారా, చివర్లో తల్లిదండ్రులకి రెండు రోజుల శిక్షణ ఉందా, తర్వాత మొదటి మూడు నెలలు వారంవారం, ఆపైన నెలనెలా ఎవరు చూస్తారు? పోయిన ఏడాది పిల్లల్లో 12 నెలల తర్వాత ఎంతమంది సమాచారం వాళ్ళ దగ్గరుందో అడగండి. తగ్గినవాళ్ళ కథలు వద్దు, మొత్తం చేరినవాళ్ళలో ఎంతమంది అన్నదే కావాలి.

పాప అక్కడున్న ఆ 4 వారాల్లో మీరు ఇల్లు సర్దుకోవాలి. తీపి పానీయాలు ఇంట్లోకి రాకూడదు, ఎవరికోసమూ. 330 మి.లీ. కూల్‌డ్రింక్‌లో సుమారు 35 గ్రాముల చక్కెర, 140 కేలరీలు. రోజుకొకటి ఆపితేనే నెలకి 4,200 కేలరీలు. పళ్ళరసం కూడా అదే ఖాతాలో పడుతుంది. పాపకి ఒక వంట, బాబుకి ఒక వంట పెట్టకండి. అందరికీ ఒకటే. గిన్నెలు బల్ల మీద కాకుండా వంటగదిలోనే ఉంచి అక్కడ వడ్డించుకోండి, రెండోసారి లేవాలంటే ఒకసారి ఆలోచిస్తారు. తినేచోట టీవీ, ఫోన్ వద్దు. నిద్ర 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు, బాబుకి 9 నుంచి 12. నిద్ర తగ్గిన మర్నాడు ఆకలి ఎలా ఉంటుందో మీరే గమనించి చూడండి. రోజుకి గంట కదలిక, దానికి టైమ్ ముందే ఖాయం చేయండి, స్కూలు తెరిచాక దొరకదు.

వచ్చిన మొదటి రెండు వారాల్లో కిలో, రెండు కిలోలు పెరిగితే కంగారు పడకండి, పైన చెప్పిన నీరే అది. ఆ తర్వాతి అంకెని ఆధారంగా పెట్టుకోండి. వారానికోసారి తూకం చాలు. దానికంటే 2 కిలోలు పైన వరసగా రెండు వారాలు ఉంటే అప్పుడు క్యాంపు వాళ్ళకో డైటీషియన్‌కో ఫోన్ చేయండి. 5 కిలోలు పెరిగేదాకా ఆగితే పిల్ల నీరసపడిపోతుంది. నడుము చుట్టుకొలత నెలకోసారి రాయండి, ఎత్తులో సగం లోపుకి రావడం లక్ష్యం. పాపకి అది 78 సెం.మీ. కాటా కదలని నెలలో కూడా టేపు కదులుతుంది.

ఇంట్లో ఎవరూ బరువు గురించి మాట్లాడకూడదు. మెచ్చుకోలు కూడా వద్దు. "ఎంత సన్నబడ్డావో" అన్న చుట్టాల మాట విన్న పిల్లకి మళ్ళీ పెరిగితే ఏమంటారో అన్న భయం పట్టుకుంటుంది. ఈతలో ఎన్ని పొడవులు వేసిందో అడగండి, వంట ఏం నేర్చుకుందో అడగండి. భోజనం కాగానే బాత్రూంలోకి వెళ్ళడం, రోజుకి నాలుగుసార్లు కాటా ఎక్కడం, లేవగానే కళ్ళు తిరగడం, మూడు నెలలు నెలసరి రాకపోవడం కనిపిస్తే బరువు ఎంతున్నా సరే డాక్టరు దగ్గరికి. లావుగా ఉన్న పిల్లకి అనొరెక్సియా (లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బు) రాదనుకోవడం పొరపాటు. తగ్గుతోందని అందరూ సంబరపడుతుంటే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

మీ తమ్ముడి సంగతి. 20 ఏళ్ళవాడికి పెద్దవాళ్ళ లెక్కలు వర్తిస్తాయి. ఆరు నెలల్లో బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే బీపీకి, చక్కెరకి తేడా కనిపిస్తుంది, అంతకంటే పెద్ద లక్ష్యం మొదట్లో పెట్టుకోనక్కర్లేదు. ఈ వయసులో ఇంట్లోవాళ్ళ మార్పులు పనిచేయవు, తన గది, తన స్నేహితులు, తన రాత్రులు మారాలి. అందుకే వంట నేర్పే క్యాంపు చూడమనండి. సొంతంగా అయిదారు రకాల భోజనాలు అరగంటలో చేసుకోగలిగితే సగం పని అయినట్టే. అర్ధరాత్రి తిండి, తీపి కాఫీలు, మద్యం లెక్కలోకి తీసుకోవాలి. మద్యంలో గ్రాముకి 7 కేలరీలు, దానితోపాటు తినేవి వేరే.

రెండు జాగ్రత్తలు. వ్యాయామానికి ముందు తాగే పొడులు, "ఫ్యాట్ బర్నర్" మాత్రలు తీసుకెళ్ళొద్దు. వాటిలో చాలావరకు కెఫీన్ లాంటి ఉత్తేజకాలుంటాయి, ఎండలో గుండె వేగాన్నీ ఒంటి వేడినీ పెంచుతాయి. బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్ వాడుతుంటే క్యాంపు నర్సుకి ముందే చెప్పాలి. వికారంతో తిండీ నీళ్ళూ తగ్గి, పైనుంచి చెమట పోతే డీహైడ్రేషన్ త్వరగా వస్తుంది. క్యాంపు నెలలో కొత్తగా మొదలుపెట్టడం, డోసు పెంచడం వద్దని డాక్టరుతో మాట్లాడుకోమనండి. ఇంకోటి, అతని రిపోర్టులు అతని ఫోన్‌కే రావాలి, మీ ఫోన్‌కి కాదు. ఫారంలో ఆ గడి అతన్నే నింపనివ్వండి.